గడియ ఎటు వైపు?

స్త్రీవాద విమర్శకు బాగా ఇష్టమైన మాట 'స్వతంత్రం'. కథ చదివినా నవల చదివినా మనం ముందుగా వెతికేది దాన్నే. ఆమె ఇల్లు దాటిందా? తన సంపాదన తన చేతికొచ్చిందా? తన నిర్ణయం తానే తీసుకుందా? ఈ కొలబద్దతో ఎన్నో రచనల్ని కొలిచాం. కొలవడం అవసరం కూడా. కానీ ఈ కొలబద్దను తయారుచేసుకున్నప్పుడే కొందరు స్త్రీలు దానికి అందకుండా పోయారనేది ఈ వ్యాసంలో నా వాదన. పుట్టుకతోనో పసితనంలోనో మెదడు ఎదుగుదలలో తేడా వచ్చి, పెద్దయ్యాక కూడా డబ్బు లెక్కకూ ప్రయాణానికీ ఒక్కోసారి మాటకూ మరొకరి సాయం కావలసిన స్త్రీలు వాళ్ళు. 2011 జనాభా లెక్కల్లో 'బుద్ధిమాంద్యం' అనే గడిలో దేశం మొత్తం మీద స్త్రీ పురుషులు కలిసి దాదాపు 15 లక్షల మంది కనిపించారు. 2001 లెక్కల్లోనైతే వీళ్ళనీ మానసిక వ్యాధులున్న వాళ్ళనీ ఒకే గడిలో కలిపేశారు. లెక్కపెట్టే వాళ్ళకే తేడా తెలియని వాళ్ళు సాహిత్యానికి మాత్రం ఎట్లా కనబడతారు?

కరీంనగర్‌లో సాహిత్య పాఠాలు చెబుతూ, కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో వికలాంగుల సంఘాల సమావేశాలకు పోతూ వచ్చినదాన్ని. ఈ రెండు పనులూ నా లోపల చాలాకాలం వేరువేరు గదుల్లో ఉండేవి. వాటి మధ్య తలుపు తీయాలన్నదే ఇక్కడ నా ప్రయత్నం.

గది అనగానే మనకు వర్జీనియా వుల్ఫ్ గుర్తొస్తుంది. 'ఎ రూమ్ ఆఫ్ వన్స్ ఓన్' (1929) ప్రస్తావన లేకుండా స్త్రీ అధ్యయనాల పాఠం జరగడం అరుదు. రాయాలనుకునే స్త్రీకి ఏడాదికి ఐదు వందల పౌండ్ల ఆదాయం, తాళం వేసుకోగల సొంత గది కావాలని చెప్పిందామె. ఆ తాళం ఆలోచనా స్వేచ్ఛకు గుర్తు. అయితే వుల్ఫ్ పుట్టిపెరిగిన ఇంట్లో మరో గది ఉండేది. అందులో ఆమె సవతి అక్క లారా ఉండేది. లెస్లీ స్టీఫెన్ మొదటి భార్య కూతురు, నవలాకారుడు థాకరేకు మనవరాలు. 1870లో పుట్టిన లారాకు మేధోపరమైన వైకల్యం ఉంది. కొన్నాళ్ళు ఆ ఇంట్లోనే మిగతా పిల్లలకు దూరంగా ఉంచి, తర్వాత ఆశ్రమాలకు పంపేశారు. మిగిలిన జీవితమంతా సంస్థల్లోనే గడిపి 1945లో చనిపోయింది. అంటే వుల్ఫ్ చనిపోయాక కూడా నాలుగేళ్ళు బతికింది. 1915 జనవరిలో వుల్ఫ్ తన డైరీలో, నది ఒడ్డున నడుస్తుంటే ఇటువంటి వాళ్ళ వరుస ఒకటి ఎదురైందనీ, వాళ్ళను చంపేయడమే సరైనదనీ అర్థం వచ్చేలా రాసుకుంది.

వుల్ఫ్‌ను బోనెక్కించడానికి ఇది చెప్పడం లేదు. ఆ కాలంలో ఇంగ్లండ్‌లో చదువుకున్న చాలామంది అట్లాగే ఆలోచించారు. నాకు ముఖ్యమైంది వేరే విషయం. ఒకే ఇంటి ఆడపిల్లలిద్దరికీ గదులున్నాయి. ఒకామె గదికి గడియ లోపలి వైపు కావాలని కోరింది. రెండో ఆమె గదికి గడియ బయటి వైపు ఉంది. మనం మొదటి గది గురించి తొంభై ఏళ్ళకు పైగా మాట్లాడుకుంటున్నాం. రెండో గదిలో ఎవరున్నారో అడగనే లేదు.

తెలుగులోకి వద్దాం. ఓల్గా 'స్వేచ్ఛ' (1987) నవల మా తరం ఆడవాళ్ళను ఎంతగా కదిలించిందో చెప్పనక్కర్లేదు. అరుణ చదువుకుంది, ఉద్యోగం చేస్తుంది, తనకేం కావాలో మాటల్లో పెట్టగలదు. ఉద్యోగం ఒక్కటే స్వేచ్ఛనివ్వదని గ్రహించి ఆ సంసారాన్ని ప్రశ్నిస్తుంది. 1993లో వచ్చిన 'నీలిమేఘాలు' సంకలనంలో కవయిత్రులు తమ శరీరాల గురించి తమ గొంతుతో మాట్లాడారు. ఆ గొంతు వినబడడమే అప్పుడు పెద్ద విజయం. ఈ రచనల గొప్పతనాన్ని తగ్గించే ఉద్దేశం నాకు లేదు. కానీ వాటి ఆధారంగా మనం కట్టుకున్న విమర్శలో ఒక షరతు చేరింది. స్వేచ్ఛ కోరే స్త్రీ వాదించగలగాలి, సంపాదించగలగాలి, ఒంటరిగా నిలబడగలగాలి. ఈ మూడూ చేతకాని ఆడమనిషి స్వేచ్ఛ కోరితే? ఆమె కోరుతోందని మనకెట్లా తెలుస్తుంది?

రచనల్లో వెతుక్కునే కంటే జనం అంతా చూసిన సినిమాలను ఉదాహరణగా తీసుకోవడం తేలిక. 'స్వాతిముత్యం' (1986)లో శివయ్యది ఎదగని మనసు. నాయనమ్మ నీడలో బతుకుతాడు. రాముల వారి కల్యాణంలో, వితంతువైన లలిత మెడలో ఆమెను అడగకుండానే తాళి కడతాడు. ఆ తర్వాత లలిత అతనికి లోకం నేర్పుతుంది, ఇల్లు నిలబెడుతుంది, పిల్లల్ని కంటుంది. వితంతు వివాహమనే సంస్కరణను చూసి మనం చప్పట్లు కొట్టాం. ఇప్పుడు చూస్తే, శివయ్యకు స్వతంత్ర జీవితం ఇచ్చింది నాయనమ్మ చాకిరీ, ఆ తర్వాత భార్య చాకిరీ. మద్దతు అంటే ఏమిటో సినిమాకు బాగా తెలుసు. దానికి జీతం ఇవ్వనక్కర్లేదని, అడగకుండానే తీసుకోవచ్చని కూడా తెలుసు.

శివయ్య స్థానంలో శివమ్మను పెట్టి చూడండి. కథ మొదలు కాదు. 'వసంత కోకిల' (1982)లో శ్రీదేవి పాత్ర ప్రమాదం వల్ల చిన్నపిల్ల మనసులోకి వెళ్ళిపోతుంది. కానీ అది వైద్యంతో పోయే స్థితి. పోగానే, తనను సాకిన మనిషినే గుర్తుపట్టకుండా రైలెక్కి వెళ్ళిపోతుంది. తమిళం నుంచి వచ్చిన 'అంజలి' (1990)లో చిన్నపిల్ల చివరికి చనిపోతుంది. అందరం ఏడ్చాం. మగవాడికి పెళ్ళి, యువతికి వైద్యం, పసిదానికి చావు. ముప్పై అయిదేళ్ళ వయసులో నయం కాకుండా, చావకుండా, ఊళ్ళో బతుకుతున్న మేధో వైకల్యమున్న ఆడమనిషి ఈ మూడింటిలోనూ లేదు. కరీంనగర్, ఆదిలాబాద్ ఊళ్ళలో మాత్రం ఉంది.

ఆమెకు ఊళ్ళో పేరు ఉండదు. 'ఎడ్డిది' అంటారు. కొంచెం ప్రేమ ఉంటే 'అమాయకురాలు' అంటారు. మనసు బాగాలేక బాధపడే మనిషికీ ఆమెకూ తేడా చూడకుండా 'పిస్సది' అని కూడా అంటారు. 'పిచ్చోడి చేతిలో రాయి' అనే సామెతలో ఆ మనిషి మనకు ప్రమాదం. 'పిచ్చి కుదిరింది రోకలి తలకు చుట్టమన్నట్టు' అనే దాంట్లో నవ్వులాట. ఆమెకు మన నుంచి ప్రమాదం ఉండవచ్చని చెప్పే సామెత నాకెక్కడా తగల్లేదు. ప్రభుత్వ భాష కూడా దశాబ్దానికో పేరు మార్చింది. బుద్ధిమాంద్యం, మానసిక వికలాంగులు, దివ్యాంగులు, మేధో వైకల్యం. 1984లో సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో పెట్టిన జాతీయ సంస్థ పేరు కూడా ఈ వరుసలోనే మారింది. పేర్ల మార్పు అవసరమే. పేరుతో పాటు తలుపు గడియ మారిందా అన్నదే నా ప్రశ్న.

జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి వైపు ఊళ్ళలో బీడీలు చుట్టే ఇళ్ళకు పోతే ఆ గడియ కనిపిస్తుంది. మొగవాళ్ళు చాలామంది గల్ఫ్‌లో ఉంటారు. తల్లి కార్ఖానాకు బీడీలు ఇవ్వడానికి పోవాలి, పత్తి ఏరడానికి పోవాలి, సంఘం మీటింగుకు పోవాలి. పోయేటప్పుడు కూతుర్ని లోపల ఉంచి బయట గడియ పెడుతుంది. "బయటికి పోతే ఎవడన్న చెయ్యేస్తే నేనేం జేసుడు అక్కా" అని నాతో అన్న తల్లులు ఒకరిద్దరు కాదు. ఆ మాటకు జవాబు చెప్పే ముందు మనం కాసేపు ఆగాలి. బయట గడియ పెట్టింది క్రూరత్వం కాదు. ఆడపిల్లకు ఊళ్ళో రక్షణ లేకపోతే, ఆ లోటును తల్లి ఒక్కతే తన చేతులతో పూడుస్తున్న తీరు అది. ఆమెను తప్పుపట్టే హక్కు ఆమె ఇంటి ముందు ఒక్క పూట కూర్చోని వాళ్ళకెవ్వరికీ లేదు.

ఆ గడియ వెనక జరిగే పని కూడా చూడాలి. బీడీ ఒకరు చేసే పని కాదు. తునికాకు నానబెట్టడం, కొలత ప్రకారం కత్తిరించడం, తంబాకు పోసి చుట్టడం, దారం కట్టడం, మూతులు మలవడం, కట్టలు కట్టడం. ఇంట్లో తలా ఒకటి చేస్తారు. నేను చూసిన ఇళ్ళలో ఎడ్డిదని పేరుపడ్డ కూతురు మూతులు మలుస్తూ కనిపించేది. తొందర లేకుండా, ఒక్కటీ చింపకుండా. కార్ఖానా పుస్తకంలో పేరు తల్లిది, పీఎఫ్ తల్లిది. తెలంగాణ వచ్చాక బీడీ కార్మికులకు ఇచ్చిన పింఛను కూడా తల్లిదే. కూతురు 'ఏ పనీ చేతకానిది'. స్త్రీల ఇంటి చాకిరీ లెక్కలోకి రావడం లేదని మనం నలభై ఏళ్ళుగా రాస్తున్నాం. లెక్కలోకి రాని ఆ చాకిరీ లోపల మరింత లెక్కలేని చాకిరీ ఒకటి ఉంది.

ఈ తల్లులందరూ అడిగే ప్రశ్న ఒకటే. "నేను పోయినంక దీన్ని ఎవలు సూస్తరు?" వికలాంగ పిల్లల తల్లుల గురించి తెలుగులో వచ్చిన కథలు, వ్యాసాలు నేను చదివినంతలో ఎక్కువగా ఈ ప్రశ్న దగ్గరికొచ్చి ఆగిపోతాయి. తల్లి త్యాగం, తల్లి కన్నీళ్ళు, ఆఖరున ఈ ప్రశ్న. కథకు ముగింపుగా బాగుంటుంది. బతుకుకు అక్కడే మొదలు. ఎందుకంటే 'ఎవలు సూస్తరు' అనే మాటలో చూడబడే మనిషి ఉంది కానీ, చూసే మనిషిగా ఆమె లేదు. తల్లి కథ చెప్పడం మన స్త్రీవాదానికి తేలిక. తల్లి మనలాంటిది. కూతురు కథ చెప్పాలంటే మన పద్ధతులే మార్చుకోవాలి.

తాళంలో రక్షణ ఉందా? ఉంటుందని నమ్మే వాళ్ళకు రెండు సంఘటనలు గుర్తు చేయాలి. 1994 ఫిబ్రవరిలో మహారాష్ట్రలోని శిరూర్ ప్రభుత్వ గుర్తింపు పాఠశాలలో ఉంటున్న కొందరు మేధో వైకల్యమున్న స్త్రీలకు పూణే ససూన్ ఆసుపత్రిలో గర్భసంచులు తీసేశారు. నెలసరి శుభ్రత వాళ్ళకు చేతకాదన్నది చెప్పిన కారణం. స్త్రీ సంఘాలు దాన్ని ఎదిరించాయి. రెండోది చండీగఢ్. ప్రభుత్వ ఆశ్రయ గృహంలో ఉన్న అనాథ యువతి మీద అక్కడే అత్యాచారం జరిగి గర్భవతి అయింది. గర్భం తీసేయమని హైకోర్టు ఆదేశించింది. ఆమె మాత్రం బిడ్డ కావాలంది. 2009 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆమె మాటను నిలబెట్టింది. మానసిక వ్యాధి వేరు, మేధో వైకల్యం వేరని, మేధో వైకల్యమున్న పెద్ద వయసు స్త్రీ సమ్మతి లేకుండా గర్భం తీయడానికి గర్భస్రావ చట్టం ఒప్పుకోదని చెప్పింది. తాళం వేసిన చోటే ఆమెకు హాని జరిగింది. ఆ తర్వాత ఆమె తరఫున నిర్ణయం తీసుకోవడానికి అందరూ వచ్చారు.

సుచితా శ్రీవాస్తవ కేసుగా అందరికీ తెలిసిన ఆ తీర్పును పునరుత్పత్తి హక్కుల కోణంలో చాలామంది చర్చించారు. నేను అందులో మరొకటి చదువుతాను. ఆమె సుదీర్ఘంగా వాదించలేదు. బిడ్డ కావాలని చెప్పింది, అంతే. ఆ చిన్న మాట నిలబడడానికి దేశంలోని అతి పెద్ద న్యాయస్థానం కావలసి వచ్చింది. 2016 వికలాంగుల హక్కుల చట్టం సమ్మతి లేకుండా సంతానం కలగకుండా చేయడాన్ని నిషేధించింది. బలవంతపు గర్భస్రావాన్ని నేరం చేసింది. కానీ తీవ్ర వైకల్యం ఉన్నప్పుడు డాక్టరు అభిప్రాయం, సంరక్షకుల సమ్మతి ఉంటే చాలని మినహాయింపు పెట్టింది. అందరికంటే ఎక్కువ రక్షణ కావలసిన ఆడమనిషి దగ్గరికొచ్చేసరికి చట్టం మళ్ళీ సంరక్షకుల వైపు చూసింది.

సంరక్షకత్వం అనే ఈ మాట చుట్టూ మా జిల్లాల్లో జరిగేదంతా ఆస్తి కథ. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలున్న వాళ్ళ కోసం వచ్చింది. వాళ్ళు తమ సమాజానికి దగ్గరగా, వీలైనంత స్వతంత్రంగా బతికేలా చేయడం దాని మొదటి లక్ష్యం. పద్దెనిమిదేళ్ళు దాటిన మనిషికి సంరక్షకుల్ని నియమించే అధికారం కలెక్టర్ అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీది. లక్ష్యంలో స్వతంత్రం ఉంది. ఆచరణలో జనానికి ఎక్కువగా తెలిసింది సంరక్షక పత్రం. 2016 చట్టం దీనికి భిన్నంగా పరిమిత సంరక్షకత్వం అంది. ఆ మనిషి ఇష్టం ప్రకారం, ఇద్దరూ కలిసి తీసుకునే నిర్ణయం అంది. రెండు చట్టాలూ పక్కపక్కనే నడుస్తున్నాయి.

1985 సెప్టెంబరు నుంచి అమల్లోకొచ్చిన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సవరణతో ఆడపిల్లలకు పిత్రార్జితంలో వాటా వచ్చిందని మనం గర్వంగా చెప్పుకుంటాం. వైకల్యం కారణంగా వారసత్వం పోదని 1956 నాటి హిందూ వారసత్వ చట్టంలోనే ఉంది. కాబట్టి ఎడ్డిదని అందరూ అనే ఆమె కాగితం మీద భూమికి హక్కుదారు. తల్లి బతికున్నంత కాలం ఆమె భారం. తల్లి పోయాక, భూమి ధర పెరిగాక, ఆమె వేలిముద్ర హఠాత్తుగా విలువైనదవుతుంది. పెద్దపల్లి వైపు ఒక ఇంట్లో, పదేళ్ళు పలకరించని అన్నదమ్ములు తల్లి దశదినకర్మ అయిన వారానికే చెల్లెలి సంరక్షక పత్రం కోసం తిరగడం చూశాను. ఆ కాగితాల్లో ఆమె పేరు, వైకల్య శాతం, ఫొటో అన్నీ ఉన్నాయి. ఆమె ఎక్కడ ఉండాలనుకుంటోందో రాయడానికి మాత్రం ఒక్క గడి లేదు.

పింఛను సంగతీ అంతే. ఉమ్మడి రాష్ట్రంలో 500 రూపాయలున్నది 2014లో 1,500 అయింది. 2019లో 3,016, 2023లో 4,016కు పెరిగింది. ఈ పెరుగుదల చిన్నదేమీ కాదు. బీడీల ఇంట్లో ఆ డబ్బు ఆమెకు కొంత గౌరవం తెచ్చింది. కానీ ఆ డబ్బు ఎవరి చేతిలో పడుతోంది, దాంతో ఏం కొనాలో ఎవరు చెబుతున్నారు అన్నది భర్త చేతికి జీతం ఇచ్చే ఉద్యోగిని విషయంలో మనం అడిగిన ప్రశ్నే. ఇక్కడెందుకు అడగం?

ఆదిలాబాద్ వైపు కథ మరో రకం. ఉట్నూరు, తిర్యాణి గూడేల్లో గోండు, కొలాం ఇళ్ళలో ఇటువంటి ఆడపిల్లలు మేకల వెంట పోతారు, నీళ్ళు తెస్తారు, ఎండాకాలం మొదట్లో తెల్లవారుజామున ఇప్పపువ్వు ఏరుతారు. బయట గడియ పెట్టిన తలుపులు అక్కడ నాకు తక్కువగా కనిపించాయి. అట్లాగని గూడేన్ని స్వర్గం చేయకూడదు. మూర్ఛలకు క్రమం తప్పకుండా మందు దొరక్క, దారి లేక, పొయ్యి దగ్గర పడి కాలిన చేతులు కూడా అక్కడే చూశాను. ఆ అమ్మాయికి సర్టిఫికెట్ కావాలంటే బస్సులు మారి పట్నం రావాలి. అక్కడ తెలివిని కొలిచే ప్రశ్నలు తెలుగులో ఉంటాయి. ఒక శిబిరంలో గోండీ తప్ప మరో భాష రాని అమ్మాయి మౌనంగా కూర్చుంటే, ఆ మౌనం మొత్తం శాతంలో కలిసిపోయింది. అర్థం కాని భాష ఎంత, ఎదగని మెదడు ఎంత అని విడదీసే ఓపిక ఎవరికీ లేదు. అడవిలో ఏ చెట్టు కింద ఏ రోజు పువ్వు రాలుతుందో తెలిసిన పిల్ల, పెన్సిల్ రంగు చెప్పలేక తెలివిలేనిదయింది. గొంతు లేని వాళ్ళ మౌనాన్ని చదవాలని అణగారిన వర్గాల సాహిత్యం గురించి మనం రాస్తాం. ఆ చదవడం ఇక్కడి నుంచి మొదలు కావాలి.

మరి స్వతంత్రంగా బతకడం అంటే ఏమిటి? ఒంటరిగా, ఎవరి సాయమూ లేకుండా అయితే మనలో ఎవరూ బతకడం లేదు. నేను ఈ వ్యాసం రాసుకుంటున్నప్పుడు మా ఇంట్లో గిన్నెలు మరొకామె తోముతోంది. సాయం తీసుకుంటూనే నేను స్వతంత్రురాలిని. ఎందుకంటే ఆ సాయం నేను కోరినట్టు జరుగుతుంది. అమెరికన్ తత్వవేత్త ఈవా కిట్టే, తన కూతురు సేషాతో బతికిన అనుభవం నుంచి 'లవ్స్ లేబర్' (1999) రాసింది. మనిషి మరొకరి మీద ఆధారపడడం మినహాయింపు కాదని, సమానత్వం గురించి మాట్లాడేవాళ్ళు ఆ ఆధారాన్ని, దాన్ని మోసే వాళ్ళను లెక్కలోకి తీసుకోవాలని వాదించింది. ఢిల్లీలో అనితా ఘాయ్ 2003 నాటి తన పుస్తకంలో, భారతీయ స్త్రీవాదం వికలాంగ స్త్రీని చూడనట్టు నటించిందని నిలదీసింది. ఈ రెండు వాదాలూ తెలుగులో ఇంకా పాఠ్యాంశాలు కాలేదు. కావాలి.

ఊహ కాదు, నమూనాలున్నాయి. 1991లో మంజులా కల్యాణ్ మొదలుపెట్టిన 'స్వయంకృషి' సికింద్రాబాద్‌లో మేధో వైకల్యమున్న స్త్రీలు మామూలు ఇళ్ళలో చిన్న బృందాలుగా కలిసి ఉండే ఏర్పాటు చేసింది. వంట, ఇంటి పని, తమ పనులు తాము చూసుకోవడం అందులో భాగం. పెద్ద హాస్టల్ కాదు, ఇల్లు. అమెరికాలో 1974లో ఆరెగాన్‌లో మొదలైన 'పీపుల్ ఫస్ట్' ఉద్యమం మరో అడుగు వేసింది. మేధో వైకల్యమున్న మనుషులే సమావేశం పెట్టుకుని, మా గురించి మేమే మాట్లాడతామన్నారు. మన దగ్గర మండలాల్లో 'భవిత' కేంద్రాలున్నాయి. కానీ అవి బడి ఈడు పిల్లలకు. పద్దెనిమిదో ఏట ఆ తలుపు మూసుకుంటుంది. సరిగ్గా ఆడపిల్ల పెద్దమనిషయ్యి, ఊరి కళ్ళు ఆమె మీద పడే వయసులో ఆమెకు ఇల్లు తప్ప మరో చోటు ఉండదు.

నగర నమూనాను జగిత్యాల పల్లెలో దించలేం. ఇక్కడ ఉన్నవి వేరే. రెండు వేల తొలి ఏళ్ళలో వెలుగు, తర్వాత ఇందిరా క్రాంతి పథం కింద ఏర్పడ్డ వికలాంగుల సంఘాలు అటువంటివి. అక్కడ మాట్లాడేది ఎక్కువగా పోలియో వచ్చిన వాళ్ళు, చూపు లేని వాళ్ళు. మేధో వైకల్యమున్న వాళ్ళ తరఫున తల్లులొచ్చి కూర్చునేవాళ్ళు. ఒక సమావేశంలో, మూతులు మలిచే ఆ బిడ్డల్లో ఒకరి పింఛను గురించి తల్లి చెబుతుంటే, కర్ర సాయంతో నడిచే సంఘం నాయకురాలు అడ్డు తగిలింది. "నీ ముచ్చట తర్వాత చెప్పు పెద్దమ్మా. ఆమెనడుగుదాం. చెల్లే, గీ పైసలతోని నీకేం గావాలె?" చాలాసేపు జవాబు లేదు. ఎవరూ తొందరపెట్టలేదు. చివరికి "అంగడి" అంది. అంగడిలో ఏం కొంటావంటే మళ్ళీ "అంగడి" అనే అంది. ఆమెకు వస్తువు కాదు, చోటు కావాలి.

అప్పటి నుంచి వారానికొకసారి సంఘం మనిషి ఒకామె తోడుగా అంగడికి పోయేది. మొదట్లో ఆమె వెంట, తర్వాత పదడుగుల వెనక. నోట్ల రంగులు గుర్తుపట్టడం, గాజులమ్మే ఆమెతో బేరం చేయడం, తెలియని మగవాడు చెయ్యి పట్టుకుంటే గట్టిగా అరవడం, ఇవన్నీ ఒకటే వరుసలో నేర్పారు. అరవడం నేర్చుకున్నాకే తల్లి ధైర్యం చేసింది. గడియ లోపలి వైపుకు మార్చారు. ఎదురింటి ఆమె, సంఘం ఆమె, తల్లి, ఈ మూడు గొంతులకే తలుపు తీయాలని నేర్పడానికి చాలా నెలలు పట్టింది. ఒకసారి అంగడిలో తప్పిపోయి అందర్నీ ఏడిపించింది కూడా. ఆ ప్రమాదం లేకుండా స్వేచ్ఛ ఎవరికీ రాలేదు. మొదటిసారి ఒంటరిగా హాస్టలుకు పోయిన రోజు మనకూ రాలేదు.

ఇందులో మహత్తు ఏమీ లేదు. ముగ్గురు ఆడవాళ్ళ సమయం ఉంది. ఆ సమయానికి ఎవరూ డబ్బివ్వలేదు. అదే నా బాధ. మద్దతు మనిషికి జీతం లేకపోతే ఆ పని మళ్ళీ ఆడవాళ్ళ పుణ్యం కిందికే వస్తుంది. 2016 చట్టం ఎక్కువ మద్దతు అవసరమైన వాళ్ళకు సంరక్షణ భత్యం గురించి ప్రస్తావించింది. కేరళ 2010 నుంచే 'ఆశ్వాసకిరణం' పేరుతో, పూర్తికాలం సంరక్షణ చేసే వాళ్ళకు నెలకు కొంత ఇస్తోంది. సంఘం పద్ధతినీ ఈ భత్యాన్నీ కలిపి, ఊరి ఆడమనిషికి జీతమిచ్చి, ఆమెను కూతురు ఇష్టానికి జవాబుదారీ చేస్తే, 'ఎవలు సూస్తరు' అనే ప్రశ్న 'నీకు ఎవలు తోడు గావాలె' అనే ప్రశ్నగా మారుతుంది. నాకు తెలిసినంతలో స్వతంత్రానికి ఇంతకంటే కచ్చితమైన నిర్వచనం లేదు.

ఇక సాహిత్యం పని. 1986లో స్త్రీ శక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు, చరిత్ర అంటే పెద్దవాళ్ళు రాసేదన్న నమ్మకం పోయింది. సాయుధ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్ళ దగ్గర కూర్చుని, వాళ్ళ మాటను వాళ్ళ యాసలోనే నమోదు చేశారు. ఆ పద్ధతి మనకు వారసత్వం. కానీ మౌఖిక చరిత్ర కూడా కథ చెప్పగల మనిషినే కోరుతుంది. మొదలు, మధ్య, చివర ఉన్న జ్ఞాపకాన్ని కోరుతుంది. 'అంగడి' అని రెండుసార్లు మాత్రమే అనే మనిషి ఆత్మకథ ఎట్లా ఉంటుంది? తల్లి చెబితే అది తల్లి కథ. నేను రాస్తే నా వ్యాసం. ఆమె రోజును గమనించడం, ఆమె ఇష్టపడే చోట్లను, విసిరికొట్టే వస్తువులను, ఎవరిని చూస్తే లేచి నిలబడుతుందో దాన్ని, తేదీలతో సహా రాసుకోవడం ఒక దారి కావచ్చు. సంఘంలో ఆమెతో నడిచిన ఆడవాళ్ళు అటువంటి నోటుపుస్తకాలు రాయగలరు. అప్పుడు రచయిత్రి అనే మాటకు కూడా అర్థం కొంత మారుతుంది. ఒక్కరి గొంతు కాకుండా, ఇద్దరు కలిసి రాసిన వాక్యం అవుతుంది.

వచ్చే కథా సంకలనాలకు సంపాదకత్వం వహించే మిత్రురాళ్ళను, పాఠ్య ప్రణాళికలు రాసే అధ్యాపకురాళ్ళను నేను కోరేది ఇది. వికలాంగ బిడ్డ తల్లి కథలను వేసుకుందాం, కానీ అక్కడ ఆగవద్దు. వుల్ఫ్ గదిని పాఠం చెప్పే రోజు లారా గది గురించి కూడా చెబుదాం. నాయిక ఇల్లు దాటిందా అని అడిగే ముందు, ఆ ఇంట్లో ఇంకెవరైనా లోపల ఉండిపోయారా అని అడుగుదాం. ఉంటే, ఆమె తలుపు గడియ ఏ వైపు ఉందో చూసి రాద్దాం.